దొరగారి కోటు

టైలరమ్మ షాపులో ఊడ్చే చెత్తకి ఒక రంగంటూ ఉండదు. పెళ్లిళ్ల రోజుల్లో తళుకు ముక్కలు, చలికాలంలో ఉన్ని పీచు, మిగతా రోజుల్లో ఏది కత్తెర కింద పడితే అది. స్కూళ్లు తెరిచే ముందు వారం మాత్రం అక్కడ రాలేవి రెండే రంగులు, నీలం, తెలుపు. చుట్టుపక్కల పిల్లలందరి యూనిఫారాలూ ఆ రెండే మరి. అందుకే ఆ బుధవారం పొద్దున చీపురు పట్టుకున్న కాజాలావిడ నడుం నిటారు చేసి చేటలోకి తొంగి చూసింది.

"ఇదేంటి అమ్మాయ్, ఇందులో పచ్చరంగు ఎక్కడిది?"

"మొన్నటి లైనింగు ముక్కలేమోలే పిన్నీ." టైలరమ్మ తలెత్తలేదు. సూది కింద ఎవరి నిక్కరో పరుగెడుతోంది.

"లైనింగు ముక్కలకి ఈనెలుంటాయేంటి?"

కాజాలావిడ పని గుండీలకి కాజాలు తీయడం, అంచులు మడిచి చేతికుట్టు వేయడం. సూది ఆడినంతసేపూ ఆవిడ నోరూ ఆడుతుంది కాబట్టి షాపులో ఆమె మాటని సగం విని సగం వదిలేయడం అందరికీ అలవాటు. టైలరమ్మ కూడా ఆ సగమే విన్నది. ఆవిడ చేట తెచ్చి మిషన్ బల్ల మీద పెట్టేసరికి ఇక చూడక తప్పలేదు.

దారప్పోగుల మధ్య చిన్న చిన్న ఈకలు. గుప్పెడు పైనే ఉంటాయి. కొన్నిటి మొదళ్లు నమిలి నలిపినట్టు ఉన్నాయి.

అప్పుడు టైలరమ్మ తలెత్తింది.

షాపు ముందరి అద్దం పక్కన, కప్పుకి కొట్టిన కొక్కేనికి ఇత్తడి రంగు పంజరం వేలాడుతోంది. గుండ్రంగా, పెద్ద లాంతరులా ఉంటుంది. అందులో టైలరమ్మ అక్క పెంచిన చిలుక. పేరు దొర. అక్క చేరిన వాటాలో పక్షులూ జంతువులూ కుదరవన్నారని, "కొన్నాళ్లు నీ దగ్గర ఉంచవే" అని అప్పగించి వెళ్లింది. టైలరమ్మకి మిషన్ మీద కూర్చుంటే పంజరం అడుగు తప్ప ఇంకేం కనిపించదు. లేచి గింజలు పోసేటప్పుడు కనిపించేది గిన్నె. నీళ్లు మార్చేటప్పుడు కనిపించేది నీళ్లు.

ఇప్పుడు దొర కనిపించాడు. మెడ కింద నుంచి కాళ్ల దాకా ముందువైపంతా ఈకల్లేవు. బూడిద కలిసిన గులాబీ రంగు తోలు, వండటానికి ఒలిచిపెట్టిన కోడికి ఉన్నట్టు. రొమ్ము మధ్యన చిన్న నెత్తుటి చుక్క ఎండి ఉంది. తల మీద ఈకలు మాత్రం ఒక్కటీ చెదరలేదు, నిగనిగలాడుతున్నాయి. వాడి ముక్కుకి అందని చోటు అదొక్కటే.

"ఈకలు మారుస్తున్నాడేమో పిన్నీ. ఏడాదికోసారి మారుస్తాయట కదా."

"మారిస్తే కొత్తవి రావద్దూ?" అని కాజాలావిడ చేట ఎత్తుకుని వెళ్లిపోయింది.

దొర తల అటూ ఇటూ ఊపుతున్నాడు. కుడికి, ఎడమకి, ఒక చిన్న సున్నా చుట్టి మళ్లీ కుడికి. అది వాడికి మామూలే. మిషన్‌తో పాటు తాళం వేస్తాడని షాపుకి వచ్చినవాళ్లందరికీ చూపించడం వీళ్లకీ మామూలే. "మా మిషన్ కట కటకి మా దొరగారి తాళం చూడండి" అని టైలరమ్మ భర్త కటింగ్ బల్ల దగ్గరనుంచి కత్తెరతో చూపించేవాడు. పిల్లలు చొక్కా కొలతలిస్తూ కదలకుండా నిలబడాలంటే అంతకు మించిన ఉపాయం లేదు.

ఆ రోజు మధ్యాహ్నమే అక్క ఫోన్ చేసింది.

"ఏమే, బతికే ఉన్నావా? ఆదివారం వస్తున్నాను. నా దొరగాణ్ణి తీసుకుపోతాను."

టైలరమ్మ చేతిలో కాలరు ఉంది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "ఇప్పుడేంటక్కా ఇంత హఠాత్తుగా?" అంది.

"కొత్త ఇల్లు దొరికిందని చెప్పలా? కింది వాటా. వెనక పెరడుంది. వసారాలో ఓ మూల వలకట్టించాను. వాడెలా ఉన్నాడు?"

"బాగున్నాడు."

"కబుర్లు చెప్తున్నాడా? తలుపు చప్పుడైతే 'ఎవరూ' అనేవాడు గుర్తుందా, గొంతు చించుకుని?"

"ఇక్కడ తలుపెక్కడిదక్కా, షట్టరేగా." నవ్వింది. "బాగానే ఉన్నాడులే."

ఫోన్ పెట్టేశాక కాలరు మీద కుట్టు వంకరపోయి ఉండటం చూసి, మొత్తం విప్పి మళ్లీ వేసింది.

* * *

సలహా కాజాలావిడదే, అయితే ఆవిడ సరదాకి అన్నది. "ఆదివారానికి ఈకలు మొలవ్వుగానీ అమ్మాయ్, చేతిలో పనేగా, ఓ చొక్కా కుట్టి తొడిగెయ్. మీ అక్క గుర్తుపట్టదు" అని పళ్ల మధ్య దారం కొరుకుతూ నవ్వింది.

టైలరమ్మ నవ్వలేదు. గురువారం మధ్యాహ్నం తిండి తిన్నాక, గిరాకీ పల్చబడ్డ వేళ, తువ్వాలు తీసుకుని పంజరం తలుపు తెరిచింది.

ఒంటికి పుండైతే కట్టు కట్టమూ, చంటిపిల్లలు మొహం గీరుకుంటుంటే చేతులకి గుడ్డసంచులు తొడగమూ, ఇదీ అంతే అనుకుంది. ముక్కు తగలకపోతే తోలు మానుతుంది, తోలు మానితే ఈకలు వస్తాయి. అక్కకి కూడా అలాగే చెప్పొచ్చు. అసలు చెప్పాల్సిన అవసరమే రాకపోవచ్చు.

దొర పెద్దగా గింజుకోలేదు. తువ్వాల్లో వాడి గుండె కొట్టుకోవడం మాత్రం ఆమె వేళ్లకి తగిలింది. పాత మిషన్ మోటారు ఆగిపోయే ముందు వణికినట్టుంది. టేపు చుట్టూ తిప్పి, అలవాటు కొద్దీ "ఛాతీ" అని పైకి అంది. కొలతలు ఆమె చెప్తుంటే బల్ల దగ్గర భర్త రాసుకోవడం వాళ్ల పద్ధతి. ఆయన "ఊఁ, ఎంత?" అన్నాడు, పెన్సిలు తీసి. ఆమె టేపు తీసేసి వేలి గోటితో దాని మీద గుర్తు పెట్టుకుంది.

కోటు నీలం గుడ్డది. నిక్కర్ల పక్కన మిగిలిన ముక్క. వీపున తెరుచుకునేలా, రెక్కలకి రెండు చీలికలు, మెడకి తెల్ల కాలరు. కాలరు అవసరం లేదు, అయినా పెట్టింది. మెడ దగ్గర బోసిగా ఉన్నదంతా దాని కింద కప్పబడిపోతుంది. గుండీలు కొరికేస్తాడని ప్రెస్ బటన్లు వేసింది.

తొడిగాక దొర కొమ్మ మీంచి పక్కకి ఒరిగి పంజరం అడుగున పడ్డాడు. కాసేపు అలాగే, ఒక రెక్క విప్పి, పడి ఉన్నాడు. తర్వాత ముక్కుతో ఊచలు పట్టుకుని మెల్లగా పైకి ఎక్కాడు. కోటు అంచుని రెండుసార్లు పొడిచాడు. గుడ్డ గట్టిది. మానేశాడు.

"అలవాటు పడిపోయాడు" అంది ఆమె.

భర్త కత్తెర కింద పెట్టి వచ్చాడు. చూశాడు. చెవి మీది సుద్ద జారి కింద పడేంతగా నవ్వాడు. "అబ్బబ్బ! వీడికి అడ్మిషన్ ఎప్పుడు దొరికిందే? పుస్తకాల సంచీ ఒకటే తక్కువ!"

"ఫీజు కట్టకుండానే ఒకటో తరగతి" అంది కాజాలావిడ.

ముగ్గురూ నవ్వారు. టైలరమ్మకి కూడా ఆ నవ్వు బానే ఉంది. దొరకీ షాపుకీ తనకీ అందరికీ కోటు సరిపోయినట్టే అనిపించింది. భర్త పంజరాన్ని ఇంకాస్త వీధివైపుకి జరిపి కట్టాడు, పిల్లలకి కనిపించాలని.

* * *

శుక్రవారానికి ఆ సంగతి వీధంతా తెలిసిపోయింది.

యూనిఫారాలు తీసుకోవడానికి వచ్చిన తల్లులు పిల్లల్ని ఎత్తుకుని చూపించారు. దారిన పోయే కుర్రవాళ్లు ఆగి అద్దానికి మొహాలు ఆనించారు. ఫోన్లు పైకి లేచాయి. "ఇటు చూడు దొరా, ఇటు, ఇటు" అని అద్దం మీద వేళ్లతో కొట్టారు. పక్క వీధి టైలరు దగ్గర గుడ్డ ఇచ్చిన ఒకావిడ వెనక్కి తెచ్చేసుకుని ఇక్కడ ఇచ్చింది. "మా వాడు చిలక దగ్గరే కుట్టించుకుంటానని ఒకటే గొడవండీ" అంది. ఆమె కొడుకు నోట్లో వేలు పెట్టుకుని దొరని చూస్తూ, "అమ్మా, కోటు ఇష్టమో కాదో దొరని అడగొద్దా?" అన్నాడు. అందరూ నవ్వారు.

దొర తల ఊపుతున్నాడు. కుడికి, ఎడమకి, సున్నా చుట్టి మళ్లీ కుడికి. తెల్ల కాలరు మీద ఆ తల ఇంకా ముద్దుగా ఉంది.

మధ్యాహ్నం కరెంటు పోయింది.

రెండు మిషన్లూ ఒక్కసారే ఆగాయి. ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. భర్త "చచ్చాం, ఇంకా ఇరవై నిక్కర్లున్నాయి" అని గొణిగి, టీ తాగి వస్తానని చెప్పులేసుకుని వెళ్లాడు. షాపులో చప్పుడనేదే లేకుండా పోయింది. టైలరమ్మ మెడ నొక్కుకుంటూ వెనక్కి వాలింది.

"అమ్మాయ్" అంది కాజాలావిడ.

ఆవిడ గొంతులో ఎప్పుడూ ఉండే ఎగతాళి లేదు. టైలరమ్మ ఆవిడ చూస్తున్న వైపు చూసింది.

దొర తల ఊపుతూనే ఉన్నాడు. మిషన్ లేదు, చప్పుడు లేదు. కుడికి, ఎడమకి, సున్నా, కుడికి. ఒక్కసారైనా తడబడకుండా, ఒక్కసారైనా ఎక్కువ తక్కువ లేకుండా. కళ్లు మాత్రం దేన్నీ చూడటం లేదు.

"తాళం ఆపలేదేంటి?"

"అలవాటైపోయుంటుంది పిన్నీ."

ఏదో ఒకటి అనకుండా కాజాలావిడ ఊరుకోవడం టైలరమ్మ ఎప్పుడూ చూడలేదు. సూదిలో దారం ఎక్కించుకునే వంకతో ఆవిడ తల వంచుకుంది.

టైలరమ్మ లేచి, పై అరల్లోంచి తానులు దించడానికి వాడే స్టూలు లాక్కుని పంజరం పక్కన వేసుకుని ఎక్కింది. ఎందుకెక్కిందో అడిగితే చెప్పలేకపోయేది. గిన్నె చూద్దామనో, కోటు సరిగ్గా ఉందో లేదో చూద్దామనో. తల పంజరానికి సమంగా వచ్చాక అటూ ఇటూ చూసింది.

ముందు అద్దం. అద్దం అవతల వీధి, బండ్లు, మొహాలు. ఎడమవైపు మళ్లీ అద్దమే, షాపు మూల మీద ఉంది కాబట్టి. కుడివైపు ట్రయల్ రూమ్ బయట నిలువుటద్దం, అందులో ఇంకో పంజరం, ఇంకో కోటు దొర. పైన చేతికందేంత దగ్గర్లో ట్యూబులైటు, ఆరిపోయినా వేడి ఇంకా తగులుతోంది. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా అది వెలగాల్సిందే. వెనక మిషన్లు. పంజరం గుండ్రం. వీపు ఆనించుకోవడానికి ఒక మూలంటూ లేదు. ఎటు తిరిగినా వెనకవైపున ఎవరో ఒకరు ఉంటారు.

ఆమె అలా నిలబడి ఉండగానే బయట ఇద్దరమ్మాయిలు ఆగారు. స్టూలెక్కి పంజరం పక్కన తల పెట్టుకున్న ఆడమనిషిని చూసి ఒకమ్మాయి రెండో అమ్మాయిని మోచేత్తో పొడిచింది. ఫోన్ పైకెత్తింది. టైలరమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. అటు నిలువుటద్దంలో తనే, జుట్టు నిండా దారప్పోగులతో. ఇటు తిప్పితే వీధి. దిగుదామంటే కాలు స్టూలు అంచు దొరకలేదు. ఆ రెండు క్షణాలూ ఎటు చూడాలో తెలీక, చేతులు ఏం చేసుకోవాలో తెలీక, మెడ ఇలా అలా తిప్పుతూ ఉండిపోయింది.

దిగాక చెవులు కాలిపోతున్నాయి.

భర్త టీ తాగి వచ్చాక ఆమె అడిగింది. "ఏమండీ, పంజరం వెనక్కి మారుద్దామా?"

"వెనకంటే? ఇస్త్రీ బల్ల దగ్గరా? ఆ ఆవిరికి చస్తుందే." అది నిజమే. "పైగా ఇప్పుడా? జనం వాణ్ణి చూసే లోపలికొస్తున్నారు. సీజన్ అయిపోనీ."

"వాడికి ఇక్కడ బాలేదండీ."

"నీకు బాగుందా?" అన్నాడు ఆయన. కోపంగా కాదు, అలిసిపోయి. "నాకు బాగుందా? ఇదే లైటు కింద, ఇదే చప్పుట్లో మనమూ పడుండట్లా? మనకేమన్నా తోటలున్నాయా?"

కరెంటు వచ్చింది. ఆమె వెళ్లి మిషన్ మీద కూర్చుంది. సగం నిక్కరు కుట్టాక జవాబు తట్టింది, మనం రాత్రికి ఇంటికి పోతాం కదా అని. అప్పటికి ఆయన గీత గీసి గుడ్డ కోసేస్తున్నాడు. మళ్లీ మాట ఎత్తడానికి బద్ధకించింది. బద్ధకమని తనకి తను చెప్పుకుంది గానీ, కోటు విప్పి లోపల ఎలా ఉందో చూడటానికి భయం. శనివారమంతా ఆమె పంజరంలోకి గింజలు పోసింది, నీళ్లు పోసింది, పైకి చూడలేదు.

* * *

ఆదివారం అక్క వచ్చేసరికి షాపు కిక్కిరిసి ఉంది. మర్నాడే స్కూళ్లు. అక్క చేతిలో మూతున్న వెదురు బుట్ట. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ, "తప్పుకోండమ్మా, నేను కొలతలివ్వడానికి రాలేదు, నన్ను కొలిస్తే మీకెవరికీ గుడ్డ మిగలదు" అంటూ లోపలికొచ్చింది. పంజరం ముందు ఆగిపోయింది.

టైలరమ్మ మిషన్ మీంచి లేవలేదు.

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ!" అక్క రెండు చేతులూ బుగ్గలకి పెట్టుకుంది. "ఏంటిరా ఈ వేషం! కాలరు కూడానా! ఏమే, నువ్వు కుట్టావా? ఎంత ముద్దొస్తున్నాడో చూడు, దిష్టి తగిలేలా ఉంది!"

"మూడు రోజుల్నించీ వీధి వీధంతా ఇక్కడే వదినగారూ" అన్నాడు భర్త. "మాకంటే వాడికే గిరాకీ ఎక్కువ."

అక్క ఊచల మధ్య నుంచి వేలు పెట్టింది. దొర వెనక్కి జరిగాడు. వెనక కూడా ఎవరో ఉన్నారు. మళ్లీ ముందుకి జరిగాడు. తల ఊపడం మొదలుపెట్టాడు.

"నన్ను మర్చిపోయాడు" అని అక్క నవ్వింది. "కోటు తొడుక్కున్నాక పాతవాళ్లెందుకు గుర్తుంటారులే. ఏరా? అదిగో, తల కూడా ఆడిస్తున్నాడు, కాదనకుండా."

కాజాలావిడ తలొంచుకుని కాజా తీస్తోంది. తీసిన కాజానే మళ్లీ తీస్తోంది.

మధ్యాహ్నానికి జనం తగ్గారు. అన్నాల డబ్బాలు తెచ్చుకుని నలుగురూ కటింగ్ బల్ల చుట్టూ కూర్చుని తిన్నారు. అక్క కొత్త ఇంటి కబుర్లు చెప్పింది. టైలరమ్మ ముద్ద మింగిన ప్రతిసారీ చెప్పేద్దామనుకుంది. ముద్దతో పాటే మాటా లోపలికి దిగిపోయేది.

చేతులు కడుక్కుని వచ్చి అక్క బుట్ట అందుకుంది. పంజరం దగ్గరకి వెళ్లి చాలాసేపు నిలబడింది. వెనక్కి తిరిగినప్పుడు ఆమె మొహంలో, పిల్లల ముందు పెద్దవాళ్లు తెచ్చిపెట్టుకునే ఉత్సాహం ఉంది.

"నేనొక మాటంటాను, కాదనకు. వాణ్ణి ఇక్కడే ఉంచెయ్యవే."

టైలరమ్మకి అర్థం కాలేదు.

"నిజమే చెప్తున్నా. నేను తీసుకుపోయి ఏం చేస్తాను? ఒక్కదాన్ని. ఇక్కడ ఇంతమంది, ఇంత సందడి, రోజుకో ముచ్చట. నువ్వు కోట్లు కుట్టి మరీ చూసుకుంటున్నావు. నా దగ్గర కంటే నీ దగ్గరే బాగున్నాడు. నన్ను మర్చిపోయాడంటేనే తెలియట్లా?" బుట్ట మూత సర్దింది. "ఆ వలకట్టించిన మూలలో మిరపమొక్కలు పెట్టుకుంటానులే. చెట్టుకొమ్మ ఒకటి నరికించి పెట్టా వాడి కోసమని, పొయ్యిలోకి పనికొస్తుంది."

"అదే మంచిది వదినగారూ" అన్నాడు భర్త. ఆయన నిజంగానే సంతోషించాడు. "మాకూ అలవాటైపోయాడు."

అంతే. అయిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఎవరూ ఏమీ చూడలేదు. అక్క బుట్ట చంకన పెట్టుకుని చెప్పుల్లో కాలు దూరుస్తోంది. ఇంకో నిమిషం నోరు మూసుకుంటే చాలు, అక్క దగ్గర తన పరువు అలాగే ఉంటుంది. ఇంకా పెరుగుతుంది కూడా. బస్సులో, కొత్త ఇంటి చుట్టుపక్కల, మా చెల్లెలు చిలక్కి కోటు కుట్టిందని చెప్పుకుంటుంది.

"అక్కా, ఆగు."

టైలరమ్మ పంజరం దింపి బల్ల మీద పెట్టింది. తలుపు తెరిచి రెండు చేతులూ లోపలికి పెట్టి దొరని పట్టుకుంది. వాడు ఈసారీ గింజుకోలేదు. వీపు మీది ప్రెస్ బటన్లు ఒక్కొక్కటే ఊడదీసింది. టిక్కుమంది. టిక్కుమంది. ఆఖరిది ఊడాక కోటు వెంటనే రాలేదు. ఒకచోట తోలుకి అంటుకుపోయింది. ఆమె వేలు నోట్లో పెట్టుకుని తడిచేసి ఆ చోట అద్ది, మెల్లగా లాగింది.

అక్క చెప్పులతోనే బల్ల దగ్గరకి వచ్చి వంగింది.

రెక్కల కింద రెండువైపులా పచ్చిపుండ్లు. మొన్న అవి లేవు. టైలరమ్మ కోటు తిరగేసింది. చంటిపిల్లల చొక్కాలు కుట్టేటప్పుడు కుట్టు అంచులు ఒంటికి గీరుకోకూడదని బయటివైపుకి వచ్చేలా వేస్తుంది తను. ఏ తల్లీ చెప్పక్కర్లేదు, ఈ వీధిలో ఆ సంగతి తెలిసిన టైలరు తనే అని పేరు. ఈ కోటుకి అంచులన్నీ లోపలికి వదిలేసింది. గరుకు గుడ్డ, కత్తిరించిన పోగులతో సహా. పైకి బాగా కనపడాలని.

"ఎప్పట్నించి?" అంది అక్క.

"తెలీదక్కా."

"తెలీదా?"

"చెత్తలో ఈకలు చూసేదాకా తెలీదు."

"నీ నెత్తిమీద వేలాడుతున్నాడే వాడు."

టైలరమ్మ కోటు చేతిలో నలుపుతూ నిలబడింది. అక్క అరిస్తే బాగుండుననిపించింది. చిన్నప్పట్లా జుట్టు పట్టుకుని వంచి వీపు మీద ఒకటిచ్చినా బాగుండు. అక్క చెప్పుల్లోంచి కాళ్లు తీసేసి, బుట్ట కింద పెట్టి, స్టూలు మీద కూర్చుంది. అంతే.

"తాళం వేస్తున్నాడనుకున్నామక్కా" అంది టైలరమ్మ. ఆ మాట అన్నాక తనకే వినబుద్ధి కాలేదు.

పంజరం తలుపు తెరిచే ఉంది. దొర బల్ల మీద, నీలం గుడ్డ మీద నిలబడ్డాడు, ఒంటిమీద ఏమీ లేకుండా. రెండడుగులు వేశాడు. బల్ల అంచు దగ్గరకొచ్చి, ఎగరలేక, దబ్బున కింద పడ్డాడు. భర్త "పట్టుకో, పట్టుకో" అంటూ తువ్వాలు తీశాడు.

"వద్దండీ. ఉండండి."

వాడు గోడవారగా నడిచాడు. తానుల అల్మారా దగ్గర ఆగాడు. ముక్కుతో, కాళ్లతో గుడ్డ పట్టుకుని కింది అరలోకి ఎక్కాడు. తెల్లగుడ్డ తానుకీ నీలం తానుకీ మధ్య అరచేతి వెడల్పు సందుంది. అందులోకి దూరాడు. వెనక్కి తిరిగి, గోడకి వీపు ఆనించుకుని, బయటికి చూశాడు. ఈకలు లేని రొమ్ము పైకీ కిందికీ ఆడుతోంది. తల ఊగడం మొదలైంది. ఒకసారి, రెండుసార్లు. ఎందుకో మధ్యలో ఆగింది.

టైలరమ్మ వెళ్లి ట్యూబులైటు ఆపేసింది. మిషన్ల స్విచ్చులు తీసేసింది. తర్వాత రెండు వైపులా షట్టర్లు కిందికి గుంజింది.

"ఏం చేస్తున్నావే!" భర్త గొంతు పెద్దది కాబోయి ఆమె మొహం చూసి తగ్గింది. "రేపే స్కూళ్లు. సాయంత్రం అందరూ వస్తారు."

"ఇవాళ ఇక షాపు లేదండీ."

"అడ్డగోలుగా తిడతారు."

"తిట్టనివ్వండి."

ఆయన చేతిలో తువ్వాలు ఉండిపోయింది. దాన్ని మడిచాడు, మళ్లీ విప్పాడు, మళ్లీ మడిచాడు. కాసేపటికి బల్లకి చేరగిలబడి నేలమీద కూర్చున్నాడు. కాజాలావిడ తన పీట మీదే ఉంది. టైలరమ్మ అల్మారాకి ఎదురుగా చతికిలబడితే, అక్క స్టూలు దిగి చెల్లెలి పక్కన కింద కూర్చుంది. షట్టరు కింద వేలెడు వెలుగు, అది నేల మీద దారప్పోగుల దాకా వచ్చి ఆగింది.

సందులో దొర ఒక కాలు పైకి ముడుచుకున్నాడు. తల వెనక్కి తిప్పి వీపు మీది ఈకల్లో దూర్చుకున్నాడు. అక్కడ ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి.

"పడుకున్నాడు" అంది అక్క, పెదాలతో మాత్రమే.

ఇన్నాళ్లలో వాడు పడుకోవడం తను చూడలేదని టైలరమ్మకి అప్పుడు తెలిసింది.

"లేచాక తీసుకుపోతాను" అంది అక్క.

"ఈకలు వస్తాయంటావా?"

"ఏమో."

టైలరమ్మ తల ఊపింది. క్షమించు అనబోయి, ఆ మాట ఎవరితో అనాలో తేలక ఊరుకుంది.

బయట ఎవరో షట్టరు మీద కొట్టారు. రేకు దడదడలాడింది. నలుగురూ ఒక్కసారే సందువైపు చూశారు. దొర కదల్లేదు.

"టైలరమ్మగారూ! ఉన్నారా లోపల?" ఎవరో ఆడమనిషి గొంతు. "యూనిఫారం రేపిచ్చినా సరేగానీ, మా పాప ఒక్కసారి కోటు చిలకని చూస్తానని ఏడుస్తోందండీ. ఒక్కసారి చూపించండి, ఫోటో తీసుకుని వెళ్లిపోతాం."

మళ్లీ కొడతారేమోనని టైలరమ్మ మోకాళ్ల మీద పాకుతూ షట్టరు దాకా వెళ్లింది. రేకు మోగకుండా అరచేయి దానికి ఆనించి పట్టుకుని, కింది సందు దగ్గరకి మొహం వంచింది. అవతల రెండు జతల చెప్పులు, ఒకటి పెద్దవి, ఒకటి చిన్నవి.

"ఇక్కడ చూడటానికేం లేదమ్మా" అంది మెల్లగా. "మెల్లిగా వెళ్లండి."